అప్పుడుచూద్దాం గారి అర సెకను

అప్పుడుచూద్దాం గారిది ఒకే ఒక్క గుణం. అడిగితే తప్ప ఏదీ ఇవ్వరు, అవసరం నెత్తి మీదికి వస్తే తప్ప ఏదీ తెచ్చుకోరు. ముందుజాగ్రత్త అనే మాట వింటేనే ఆయనకు ఒళ్ళంతా దురద పుడుతుంది. "రేపు వాన పడితే ఎలా?" అంటే "అప్పుడు చూద్దాం" అంటారు. "రేపు సర్వర్ పడిపోతే ఎలా?" అన్నా అదే మాట. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆఫీసులో దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి టెస్టరమ్మ. ఎనిమిదేళ్ళుగా ఆయన ఎదురు సీటు ఆవిడదే. ఆయన రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం, ఆయనలో తప్పులు వెతకడం ఆవిడ కాలక్షేపం. రెండో పనిలో ఆవిడకు ఒక్కరోజు కూడా చేతినిండా సరుకు దొరక్కుండా పోలేదు.

క్యాంటీన్లో ఆయన భోజనం చూడవలసిన దృశ్యం. ముందు ప్లేటు తెచ్చుకుని కూర్చుంటారు. తినబోతూ చెంచా లేదని గమనించి లేస్తారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు కోసం లేస్తారు. పొలమారితే నీళ్ళ కోసం లేస్తారు. మూతి తుడుచుకోవాల్సి వచ్చినప్పుడు కాగితం రుమాలు కోసం లేస్తారు. ఒకరోజు టెస్టరమ్మ వేళ్ళ మీద లెక్కపెడితే పదకొండుసార్లు తేలింది.

"అన్నీ ఒక్కసారే తెచ్చుకోవచ్చు కదండీ?"

"ఉప్పు కావాలో వద్దో తినకముందే ఎలా తెలుస్తుందండీ?"

"రోజూ కావాల్సే వస్తోందిగా!"

"నిన్నటిది వేరే కూరండీ" అన్నారాయన, ఎంతో ఓపికగా, తప్పు ఆవిడదే అయినట్టు.

దారి అడిగినవాళ్ళ గతి ఇంకా ఘోరం. ఒకసారి ఆఫీసు గేటు దగ్గర ఒక పెద్దాయన స్టేషనుకు ఎటు వెళ్ళాలని అడిగాడు. "ఆ మందుల షాపు దాకా వెళ్ళండి" అన్నారు అప్పుడుచూద్దాం గారు. "అక్కణ్ణుంచి?" అన్నాడు పెద్దాయన. "మీరింకా ఇక్కడే ఉన్నారు కదండీ. అక్కడికి వెళ్ళాక అక్కడివాళ్ళని అడగండి." ఆ ముసలాయన గేటు దాటి వెళ్తూ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. టెస్టరమ్మ పరుగెత్తుకెళ్ళి మిగతా దారి చెప్పి వచ్చింది.

గొడుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాన మొదలయ్యాక కొంటారు, ఆగాక ఇంట్లో పడేస్తారు. వాళ్ళావిడ లెక్క ప్రకారం ఇంట్లో పద్నాలుగు గొడుగులున్నాయి, ఒక్కటి కూడా వానలో ఆయన వెంట ఉండదు.

ఇల్లు మారినప్పుడైతే ఆయన విశ్వరూపం చూపించారు. సామానంతా పాత ఇంట్లోనే వదిలేసి, భార్యాభర్తలిద్దరూ చేతులూపుకుంటూ కొత్త ఇంటికి వెళ్ళారు. నిద్ర వచ్చినప్పుడు వెళ్ళి దిండ్లు తెచ్చారు. టీ తాగాలనిపించినప్పుడు గిన్నె తెచ్చారు. ఆ గిన్నెను దించబోయి చెయ్యి కాలాక పట్టకారు తెచ్చారు. నెల తిరిగేసరికి పాత ఇంట్లో ఇంకా ఇరవై రెండు అట్టపెట్టెలు మిగిలాయి.

"ఏవండీ, వాటినెప్పుడు తెస్తారు?" అని ఆవిడ నిలదీసింది.

"వాటిలో ఏముంది?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఒక్క వస్తువు కూడా గుర్తు రాలేదు. ఆ ఇరవై రెండు పెట్టెలూ అటునుంచి అటే ఎవరికో వెళ్ళిపోయాయి. ఈ కథ టెస్టరమ్మకు చెబుతూ ఆవిడ, "ఆయన చేసింది సరైనదే అని మాత్రం ఆయనతో అనకండి, తలకెక్కుతుంది" అని ఒట్టు వేయించుకుంది.

ఇలాంటి మనిషికి సరిపోయే పని లోకంలో ఒక్కటే ఉంది. అది వెతుక్కుంటూ వచ్చి ఆయనకే దొరికింది.

వాళ్ళ కంపెనీ వర్చువల్ మిషన్లు నడుపుతుంది. అంటే ఒక పెద్ద కంప్యూటరు లోపల చిన్నచిన్న ఉత్తుత్తి కంప్యూటర్లన్నమాట. వాడనప్పుడు వాటిని నిద్రపుచ్చుతారు. ఆ క్షణాన మిషన్ మెమరీలో ఉన్నదంతా ఫొటో తీసినట్టు తీసి డిస్కు మీద పెడతారు. దాన్నే స్నాప్‌షాట్ అంటారు. మళ్ళీ లేపాలంటే ఆ మెమరీ మొత్తాన్నీ డిస్కు నుంచి ఎక్కించాలి, అంటే లోడ్ చెయ్యాలి. అదయ్యేసరికి నలభై సెకన్లు. పొద్దున్న కళ్ళు తెరవాలంటే ముందు పుట్టినప్పటి నుంచీ జరిగిందంతా గుర్తు తెచ్చుకోవాలన్నట్టు ఉండేది వ్యవహారం.

"అంతా దేనికండీ?" అన్నారు ఒక మీటింగులో అప్పుడుచూద్దాం గారు. "ముందు లేపేద్దాం. మెమరీ అంతా పేజీలు పేజీలుగానే ఉంటుంది కదా, అది ఏ పేజీ కోసం చెయ్యి చాపితే ఆ పేజీ అప్పుడు డిస్కు నుంచి తీసి అందిద్దాం."

"చాపిన చేతికి పేజీ దొరక్కపోతే?" అన్నాడు మేనేజరు. ఆ కుర్రాడు ఒక మీటింగుకు రెండు పెన్నులు, ఆ రెండూ రాయకపోతే ఒక పెన్సిలు తెచ్చుకునే రకం.

"దొరికేదాకా ఆగుతుంది. అదెంతండీ, కంటికి కనపడనంత సేపు."

చేసి చూపించారు. మిషన్ అర సెకనులో లేచి కూర్చుంది. మెమరీలో పదో వంతు కూడా అది ముట్టుకోలేదు. మిగతాదంతా డిస్కు మీదే హాయిగా పడుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. టెస్టరమ్మ కూడా కొట్టి, మర్నాటికి అందులో ఇరవై ఆరు తప్పులు పట్టుకుని ఆయన బల్ల మీద పెట్టింది.

అలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం, తప్పుల నివేదిక టైపు చేస్తున్న టెస్టరమ్మ కుడిచెయ్యి సగం వాక్యంలో ఆగిపోయింది. ఏమైందని అడిగినవాళ్ళకు జవాబు చెప్పాలని చూసింది గానీ నోట్లోంచి మాట రాలేదు. మెదడులో ఎక్కడో రక్తం గడ్డ కట్టిందన్నారు డాక్టర్లు. స్ట్రెచర్ మీద వెళ్ళిన మనిషి తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

చెయ్యి బాగైంది. బుర్ర ఎప్పటిలాగే పదునుగా ఉంది. మాటలు మాత్రం ఆలస్యంగా వస్తున్నాయి. ఏం చెప్పాలో తెలుసు, ఆ పదం ఎక్కడో లోపల ఉందని తెలుసు, అది నాలుక మీదికి రావడానికే ఐదు క్షణాలో పది క్షణాలో పడుతోంది. "కంగారు పడకండి, వస్తాయి" అన్నాడు డాక్టరు. పైఅధికారులకు మాత్రం అంత నిదానం లేదు. శుక్రవారం పెద్ద డెమో ఉంది. పదివేలమందికి ఒకేసారి పరీక్షలు పెట్టే సంస్థవాళ్ళు వచ్చి మిషన్లు లేవడం చూస్తారు. ఎప్పటిలా టెస్టరమ్మే అది చూపించగలిగితే ఆ సీటు ఆవిడదే. లేకపోతే కింది అంతస్తులో పాత ఫైళ్ళు సర్దే పని ఇస్తామని మర్యాదగా కబురు పంపారు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం పొద్దున్న అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

అందరూ ఆప్యాయంగా మూగారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"నాకు... కాస్త..." అని మొదలుపెట్టింది టెస్టరమ్మ.

"నీళ్ళా?" అన్నారొకరు. "టీ ఏమో!" అన్నారు ఇంకొకరు. "కళ్ళు తిరుగుతున్నాయేమో, పట్టుకోండి పట్టుకోండి!" అన్నాడు మేనేజరు.

నిమిషంలో ఆవిడ ముందు మూడు గ్లాసుల నీళ్ళు, రెండు టీలు, ఒక దిండు, రక్తపోటు చూసే మిషన్ వచ్చి చేరాయి. ఆవిడ చెప్పాలనుకున్నది, నాకు కాస్త గాలి రానివ్వండి అని. ఆ మాట పూర్తయ్యేసరికి చేతికి పట్టీ కట్టి గాలి కొడుతున్నారు.

అదయ్యాక మేనేజరు ఒక పుస్తకమంత కాగితాల కట్ట తెచ్చి పెట్టాడు. "మీరు లేని నాలుగు నెలల్లో ఏమేం మారాయో అంతా రాయించాను మేడమ్. నూట నలభై పేజీలు. ఇది చదివేస్తే చాలు, పని మొదలెట్టొచ్చు." టెస్టరమ్మ మూడో పేజీకే మొదటి పేజీ మరిచిపోయింది. ఫైళ్ళ గది కళ్ళ ముందు కనిపించింది.

ఎదురు సీటులో అప్పుడుచూద్దాం గారు మాత్రం తన పని తాను చేసుకుంటున్నారు. నీళ్ళు ఇవ్వలేదు, దిండు వెయ్యలేదు. ఎలా ఉన్నారని కూడా అడగలేదు. ఎనిమిదేళ్ళ పరిచయానికి ఇదా మర్యాద అని టెస్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే ఆయన వైపు తిరిగింది.

"నా..."

ఆయన తలెత్తి చూశారు. అంతే, చూస్తూ ఉన్నారు.

"నా..."

"సీటు సరిగ్గా లేదా మేడమ్? 'నా ఫోను' అంటున్నారా?" అని మేనేజరు అందుకోబోయాడు. అప్పుడుచూద్దాం గారు అరచెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపారు. ఆయన మొహంలో జాలి లేదు, తొందరా లేదు. ఎంతసేపైనా కూర్చునేలా ఉన్నారు.

"నా మిషన్" అంది టెస్టరమ్మ.

"ఇదిగోండి" అన్నారాయన.

అర సెకను. తెర వెలిగింది. నాలుగు నెలల కిందట ఆవిడ వదిలి వెళ్ళిన తెర అది. తెరిచి ఉంచిన విండోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో తప్పుల నివేదిక, అందులో 'బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే' అనే దగ్గర ఆగిపోయిన వాక్యం, దాని పక్కన మిణుకుమిణుకుమంటున్న గీత. ఆవిడను తీసుకెళ్ళిన పావుగంటకు ఆయనే దాన్ని నిద్రపుచ్చారట. టెస్టరమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ వాక్యం సగంలో ఉంది, సగంలో ఉన్న వాక్యాన్ని చూసి ఊరుకునే మనిషి కాదావిడ. 'ప్రోగ్రాము మూసుకుపోతోంది' అని టైపు చేసి చుక్క పెట్టింది.

"ఈ తప్పు... దిద్దారా?" అని అడిగింది.

"రెండు నెలల కిందటే."

"ఎక్కడ?"

ఆ దిద్దిన చోటు ఒక్కటే తెర మీద పెట్టారు. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ అది చదివి, దాని మీద ఇంకొకటి అడిగింది. అదీ ఇచ్చారు. ఒక్కోసారి ఆవిడ ప్రశ్న పూర్తయ్యేసరికి ఆయన టీ చల్లారిపోయేది, అయినా మధ్యలో ఒక్క మాట అందించేవారు కారు. మంగళవారం సాయంత్రానికి ఆవిడ పాత వేగంలో పడింది. మేనేజరు ఇచ్చిన నూట నలభై పేజీల్లో ఆవిడకు నిజంగా కావలసి వచ్చినవి తొమ్మిది. మిగతావాటి మీద టీ గ్లాసు పెట్టుకుంది.

బుధవారం ఉదయం ఆవిడ కన్ను మళ్ళీ తెర మూలన పడింది. అక్కడ గడియారం ఉంది. అది నాలుగు నెలల కిందటి తేదీ చూపిస్తోంది. సోమవారం దాన్ని చూసి మనసు కలుక్కుమంది గానీ, ఇప్పుడు మాత్రం ఆవిడలోని టెస్టరు లేచి కూర్చుంది.

"చూశారా, దీనికి ఇవాళ... ఏ రోజో తెలీదు."

"ఆఁ, నిద్రపోయినప్పుడు ఎంతైందో అంతేననుకుంటోంది."

"మరి... పరీక్ష మిషన్లు?"

ఆయన టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. శుక్రవారం డెమో కోసం మూడు వారాల కిందట నిద్రపుచ్చి పక్కన పెట్టిన పరీక్ష మిషన్ ఒకటి ఉంది. దాన్ని లేపి చూశారు. అర సెకనులో చక్కగా లేచి, 'మీ పరీక్షకు ఇంకా ఇరవై మూడు రోజులు ఉంది, దయచేసి వేచి ఉండండి' అని మర్యాదగా చెప్పింది. డెమోలో పెట్టాల్సిన పరీక్షేమో ఎల్లుండి.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగు నెలలుగా పరీక్షిస్తున్నాం కదండీ! ఒక్కరికీ కనపడలేదా?"

కనపడకపోవడానికి కారణం ఉంది. ఈ నాలుగు నెలలూ వాళ్ళు మిషన్‌ను నిద్రపుచ్చడం, ఐదు నిమిషాల్లో లేపడం, ఎంత త్వరగా లేచిందో చూసి మురిసిపోవడం. ఐదు నిమిషాల తేడా ఎవరి కంటికి ఆనుతుంది? నాలుగు నెలలు నిద్రపోయిన మిషన్ ఆ ఆఫీసులో టెస్టరమ్మది ఒక్కటే.

"మీకైనా తోచలేదా?" అని మేనేజరు అప్పుడుచూద్దాం గారి మీద విరుచుకుపడ్డాడు.

"టైమెంతని ఎవరూ అడగలేదండీ."

"ఇప్పుడు... నేనడుగుతున్నా" అంది టెస్టరమ్మ.

గురువారం సాయంత్రానికి ఆయన దిద్దేశారు. మిషన్ లేవగానే మొట్టమొదట తనను మోస్తున్న పెద్ద కంప్యూటరును టైమెంతైందని అడిగి సరిచేసుకుంటుంది. టెస్టరమ్మ దాన్ని ముప్ఫై రకాలుగా వేధించి చూసి, సరేనంది.

శుక్రవారం వచ్చిన పరీక్షల సంస్థవాళ్ళు ఇద్దరు. ఒకాయన కళ్ళజోడు పైనుంచి చూసే పెద్దమనిషి, ఇంకొకావిడ ప్రతి మాటా రాసుకునే మనిషి. టెస్టరమ్మ లేచి నిలబడింది. మిషన్‌ను లేపింది, అది లేచింది, పరీక్ష సరైన రోజునే మొదలైంది. చెబుతూ చెబుతూ, "ఇది మొత్తం మెమరీని ముందే ఎక్కించదండీ. కావలసిన పేజీని మాత్రం..." అని ఆగిపోయింది.

పదం రావడం లేదు. పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ పదం మేనేజరు పెదాల మీద సిద్ధంగా ఉంది, సగం లేచాడు కూడా. పక్కనే ఉన్న అప్పుడుచూద్దాం గారు అతని చొక్కా వెనక అంచు పట్టుకుని కిందికి లాగారు.

"వదలండి, ఆవిడ ఇబ్బంది పడుతోంది!" అని గొణిగాడు మేనేజరు.

"ఆవిడ సాయం అడగలేదు" అన్నారాయన, అంతే మెల్లగా. చొక్కా మాత్రం వదల్లేదు.

"...అప్పటికప్పుడు డిస్కు నుంచి తెచ్చుకుంటుంది" అంది టెస్టరమ్మ. "చూశారుగా, కాస్త ఆగినా తప్పకుండా తెస్తుంది."

పెద్దమనిషి మొదటిసారి నవ్వాడు. "ఎన్నాళ్ళు నిద్రపోయినా లేస్తుందా అమ్మా?"

"నాది నాలుగు నెలలు పడుకుందండీ. లేచిన మూడో రోజుకి మీ పరీక్ష మిషన్‌లో తప్పు పట్టించింది" అని, ఆ గడియారం కథంతా దాచకుండా చెప్పేసింది. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. రాసుకుంటున్న ఆవిడ పెన్ను ఆపి తలెత్తింది. "తప్పు మీరే పట్టుకుని మీరే చెప్పారు. ఇకముందు మా మిషన్లను పరీక్షించేది మీరేనా?" అని అడిగింది. టెస్టరమ్మ మేనేజరు వైపు చూసింది. "ఆవిడేనండీ, ఇంకెవరు!" అన్నాడు మేనేజరు, ఫైళ్ళ గది మాట తానెప్పుడూ విననట్టు.

వాళ్ళు వెళ్ళాక డిస్కుల బాధ్యత చూసే ఆయన టెస్టరమ్మ దగ్గరకు వచ్చాడు. ఉత్తప్పుడు కూడా విసుక్కుంటూ మాట్లాడే మనిషి. "మొత్తానికి వచ్చారు, బతికించారు. మీ మిషన్ వల్ల నాకు ఈ నాలుగు నెలలూ నరకం" అన్నాడు.

"ఏం... చేసింది?"

"నెలకు మించి వాడని స్నాప్‌షాట్‌లు చెరిపెయ్యాలని రూలుంది కదా. సోమవారం సోమవారం మీది చెరపబోతాను, మీ ఎదురు సీటాయన వచ్చి నా కుర్చీ పక్కన నిలబడతారు. చోటు లేదు మహాప్రభో అంటే, తనవి చెరిపెయ్యమన్నారు. ఏడేళ్ళుగా వాడుకుంటున్న స్నాప్‌షాట్‌లు, వారానికి కొన్ని చొప్పున అన్నీ పోయాయి. ఆయనకంటూ ఇప్పుడు నా డిస్కుల మీద ఏమీ లేదు. 'అసలు ఆవిడ వస్తారో రారో' అని ఒకసారి నోరు జారాను. 'వచ్చి మిషన్ అడిగితే లేదని చెప్పమంటారా?' అని నా మీదే గయ్యిమన్నారు."

టెస్టరమ్మ తిన్నగా ఎదురు సీటు దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆయన ఏదో టైపు చేసుకుంటున్నారు.

"మీవన్నీ చెరిపించేశారటగా?"

"ఆఁ."

"నాకు చెప్పలేదేం?"

"మీరడగలేదు కదండీ."

"సరే, ఇప్పుడడుగుతున్నా. నేను... రాకపోయుంటే?"

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. నోరు తెరిచారు, మాట రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. అటుగా వెళ్తున్న మేనేజరు ఆగి, పాపం ఏదో అందించబోయాడు. టెస్టరమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆవిడకిప్పుడు తొందరేమీ లేదు.

చాలాసేపటికి ఆయనకు మాట వచ్చింది.

"ఆ సంగతి నేనసలు లోడ్ చెయ్యలేదండీ."

టెస్టరమ్మ ఆఫీసంతా తిరిగి చూసేలా పకపకా నవ్వింది.